జర చిన్న మార్పు

రాత్రి పదకొండింటికి ఎనుమాముల నుంచి ఫోన్.
మిర్చి అడ్తి ఓదెలు.
"అంత మంచిగనే ఉంది బిడ్డా.
జర చిన్న మార్పు.
ఆ మిరపకాయ ఇంకింత మండాలె."

ఎరుపును నాలుగు మెట్లు దించిన.
పసుపు చిటికెడు కలిపిన.
తొడిమె కాడ ఆకుపచ్చను ఎండబెట్టిన.
ఫైలు పేరు ఫైనల్.
తెల్లారి ఫైనల్ రెండు.
ఐతారం నాటికి అసలు ఫైనల్.
ఆ తర్వాత, ఒట్టు, ఇదే ఫైనల్.

నా దుకాణానికి బోర్డు లేదు.
కొత్తవాడల మేడ మీద రేకుల అర్ర,
ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు.
రెండో కుర్చీల కరెంటు బిల్లులు కూసుంటయి.
కింద సారంగపాణి బాపు జంపఖానా మగ్గం.
ఆయన పంజా దెబ్బ పడ్డప్పుడల్లా
నా చాయ్ గ్లాసుల అలలు.

పుణె గిరాకీ వీడియో కాల్ల అడిగిండు, ఏం చప్పుడని.
వాన పడుతుందన్న.
మే నెల అది.
పిట్టగోడ మీద కాకులు నోళ్లు తెరిచి కూసున్నయి.

"ఊరందరికి బోర్డులు గీస్తవు, నీదేది?" అంటరు.
పదకొండు సార్లు గీసిన.
ఏదీ నచ్చదు, పైస ఇయ్యదు,
నా కంటె మొండి గిరాకీ నాకింకా దొరకలె.

మొదటి ఏడాది నేర్చుకున్నది రంగులు కాదు.
"సగం ముందు" అనే రెండు మాటలు.
అద్దం ముందు నిలబడి అన్న,
బండి తోలుకుంట హెల్మెట్ల అన్న,
గిరాకీ ఎదురుంగ మాత్రం
నాలిక మీద గచ్చకాయలోలె తిరిగేటివి.
పెళ్లి కార్డు చేయించుకున్న హసన్‌పర్తోళ్లు
పైసలడిగితే పెళ్లికి పిలిచిన్రు.
బగారా బ్రహ్మాండంగ ఉండె.
ఇంటి ఓనరు అద్దెకు బదులు బగారా తీసుకోడు.

ఇప్పుడు మూడు నెలల పని వరుసల ఉంది.
జీఎస్టీ కడుతున్న.
ఫ్లెక్సీ సాదిక్ భాయ్ నా ఫైలు వస్తే
కొలతలు మళ్ల చూడడు.
"వద్దు" అనే మాట సుత
నా ధరల పట్టీల చేరింది.
దాని పక్కన అంకె వేయలేదు,
అది అన్నిటికన్న ఎక్కువ పడ్డది నాకు.

ఓదెలుకు ఆ మాట మొన్న చెప్పిన.
"సేటూ, నువ్వమ్మేది చపాట.
దానికి కారం తక్కువ, రంగు ఎక్కువ.
ఊరంత కొనేది ఆ రంగుకే.
మంట గీస్తే అబద్ధమైతది.
గుండ్రంగ గీస్త, ఎర్రగ గీస్త, అంతే."
అటు దిక్కు చాలాసేపు తక్కెడ చప్పుడు.
"సరే తియ్" అన్నడు.

నెలకు ములుగు రోడ్డు మీద లారీ.
బస్తా బస్తాకు నా మిరపకాయ.
ఇంకో నెలకు ఇంకో లారీ, ఇంకో అడ్తి పేరు,
అదే మిరపకాయ, తొడిమె మాత్రం ఎడమకు.
నేను పండ్లు కొరుక్కుంటుంటే
ఓదెలు ఫోన్ల పడి పడి నవ్విండు.
"నకలొచ్చిందంటే మనది అసలు బిడ్డా.
ఇగ మిగిలిన సగం పంపుతున్న."

నిన్న మగ్గం చప్పుడు మధ్యాహ్నమే ఆగింది.
మెట్ల మీద చెప్పుల సడి.
సారంగపాణి బాపు, చేతిల గళ్ల కాయితం.
వాళ్ల నాయిన గడి గడికి దింపిన నెమలి,
మడతల కాడ తోక తెగింది.
"జంపఖానాలకు చీటీ కుట్టాలె.
దీన్ని చిన్నగ చెయ్యొస్తదా?"
అని, అంగీ జేబుల నుంచి నోట్లు తీసి
తడి వేలితోని లెక్కపెట్టిండు.
"సగం ముందటగద."

వద్దు బాపూ అని చెయ్యి వెనకకు తీసుకున్న.
"ఊకె ఇచ్చింది మూలకు పడ్తది" అన్నడు,
కోపంగ కాదు, నూలు ధర చెప్పినట్టు.
తీసుకున్న. రసీదు రాసిచ్చిన.
రాత్రంత ఆ గడులల్ల తిరిగిన,
తెగిన తోకకు ఏడు గడులు ఎతికి ఎతికి.

పొద్దుగాల మళ్లొచ్చిండు.
అద్దాలు తుడుచుకొని
తెర దగ్గరికి వంగి, దూరం జరిగి, మళ్ల వంగి,
"మంచిగనే ఉంది గని బిడ్డా,
జర…" అన్నడు.

రెండో కుర్చీ మీది బిల్లులు తీసి కింద పెట్టిన.
"కూసో బాపూ" అన్న.